మళ్లీ మహమ్మారి వస్తే ఊళ్లో జనానికి ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి?

పరకాల దగ్గర ఒక ఊరి యువజన సంఘంలో పనిచేసే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: “కరోనా అప్పుడు మా ఊళ్లో మైకులో చెప్పినం, పోస్టర్లు అంటించినం, ఫైన్లు కూడా వేయించినం. అయినా జనం వినలేదు. మళ్లీ అట్లాంటిది వస్తే అవగాహన కార్యక్రమం ఎట్లా చేయాలి? ముఖ్యంగా ఏ జాగ్రత్తలు చెప్పాలి?”

తమ్ముడూ, నేను ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైర్ అయ్యాను. సర్వీసంతా పాత వరంగల్ జిల్లాలోనే గడిచింది. పరకాల, ములుగు, నర్సంపేట వైపు ఊళ్లు, తండాలు, గూడేలు తిరిగాను. మలేరియా, డెంగీ, 2009లో స్వైన్ ఫ్లూ, ఆ తర్వాత కరోనా, ఏది వచ్చినా ఇంటింటికీ తిరిగే పని మాదే. జవాబు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

జనం వినలేదు అన్నారు. నేను చూసినంతలో జనం బాగానే విన్నారు. 2020 మార్చి నుంచి ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు, ఆ వెంటనే జాగ్రత్తలు వినిపించేవి. మాస్క్, దూరం, చేతులు కడుక్కోవడం గురించి బడి పిల్లల నుంచి ముసలవ్వల దాకా అప్పజెప్పేవాళ్లు. తెలియక తప్పు చేసినవాళ్లు తక్కువ. తెలిసీ చేయలేకపోయినవాళ్లు, చేస్తే నష్టపోతామని భయపడ్డవాళ్లు ఎక్కువ. ఆ నష్టాల్లో పెద్దది, జరం వచ్చిందని బయటపడటం. నన్నడిగితే మీ కార్యక్రమం అంతా ఈ ఒక్క దాని చుట్టూ కట్టండి: మీ ఊళ్లో మొదట జరం వచ్చిన మనిషి దాన్ని దాచకుండా చెప్పుకోగలగాలి. మాస్కులు, దూరాలు, పరీక్షలు అన్నీ దాని తర్వాతే.

ఎందుకు దాచారో గుర్తు చేసుకోండి. బయటపడితే ఇంటి ముందు కట్టెలు అడ్డం కడతారు. పాలు పోసేవాళ్లు రారు. కూలికి పిలవరు. కిరాణా కొట్టు దగ్గర దూరంగా నిలబెట్టి మాట్లాడతారు. ఖాయమైన పిల్ల పెళ్లి ఆగిపోతుందేమో. దవాఖానకు తీసుకుపోతే తిరిగొస్తామో లేదో, పోతే కడసారి చూపు కూడా దక్కదేమో. ఇన్ని భయాలు ఉన్న మనిషి ఏం చేస్తాడు? ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకుని, వేసుకుని, మిర్చి ఏరడానికి పోతాడు. ఆటోలో పదిహేను మందితో కూర్చుని పోతాడు. కరోనాలో ఉన్న చిక్కే అది. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, మొదలైన తొలి రోజుల్లో ఇంకా ఎక్కువగా అంటుకుంటుంది. అంటే మనిషి “ఏం లేదు, వేడి చేసింది” అంటూ తిరిగే రోజులే ఊరికి చేటు తెచ్చే రోజులు.

ఒక చిన్న సంగతి చెప్తాను. 2021 మేలో రాష్ట్రమంతా ఇంటింటి జ్వర సర్వే జరిగింది కదా. నర్సంపేట వైపు ఒక ఊళ్లో మా టీం రిజిస్టర్ పట్టుకుని “ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా?” అని అడుగుతూ పోతోంది. ఒక ఇంట్లో పెద్దావిడ గడప దగ్గరే నిలబడి “ఎవ్వరికి లేదు బిడ్డా” అంది. లోపలి నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ ఊరి ఆశా వర్కర్ రిజిస్టర్ మూసి చంకలో పెట్టుకుని, గద్దె మీద కూర్చుంది. “ఎండలు మండుతున్నయ్ గదా అత్తా, ఇంట్ల ఎవరన్న పనికి పోకుండ పండుకున్నరా? నీకు అన్నం సయిస్తుందా?” అని అడిగింది. ఆవిడ కాసేపు ఊరుకుని, కొడుకు నాలుగు రోజుల నుంచి లేవలేదని, కోడలికి వాసన తెలియడం లేదని చెప్పింది. మందుల కిట్లు అక్కడే ఇచ్చాం, కొడుకును ఆ పూటే దవాఖానకు పంపాం.

ఆశా అడిగిన తీరు చూడండి. “జ్వరం ఉందా” అంటే నేరం ఒప్పుకోమన్నట్టు వినిపిస్తుంది. “పనికి పోకుండా పడుకున్నారా, అన్నం సయిస్తుందా” అంటే మన మంచిచెడ్డలు అడిగినట్టు ఉంటుంది. మీ సంఘం పిల్లలకు మొదట నేర్పాల్సింది ఇదే. అడిగేటప్పుడు చేతిలో కాగితం ఉండొద్దు, ఫొటో తీయొద్దు. ఎవరింట్లో ఏముందో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టొద్దు. పేరు ఒక్కసారి గ్రూప్‌లో పడిందంటే ఆ తర్వాత మీకు ఏ ఇల్లూ నిజం చెప్పదు.

ఒక వర్గాన్ని వేలెత్తి చూపడం వల్ల ఏమవుతుందో కూడా మన ఉత్తర తెలంగాణ చూసింది. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన మత ప్రచారకుల బృందంలో కరోనా బయటపడింది. ముకరంపుర వైపు వీధులు మూసేసి ఇంటింటికీ వైద్య బృందాలను పంపారు. అది మంచి పని, త్వరగా జరిగింది. తర్వాత ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ మత సమావేశాల సంగతి బయటికొచ్చాక ఒక మతం మొత్తాన్ని రోగం తెచ్చినవాళ్లుగా మాట్లాడటం మొదలైంది. కూరగాయల బండ్ల దగ్గర పేరడిగి కొనడం దాకా పోయింది. అట్లా మాట్లాడితే పరీక్షకు ముందుకొచ్చేవాడు కూడా వెనక్కి పోతాడు. గల్ఫ్ నుంచి వచ్చిన జగిత్యాల, నిర్మల్ పిల్లల విషయంలోనూ, బొంబాయి నుంచి నడిచొచ్చిన కూలీల విషయంలోనూ ఇదే జరిగింది. రోగం మనిషిని బట్టి రాదు, ఆ మనిషి ఎక్కడ ఎంతసేపు ఎవరితో ఉన్నాడన్నదాన్ని బట్టి వస్తుంది. ఎవరైనా మీ మైకు పట్టుకుని ఫలానావాళ్ల వల్లే అని మొదలుపెడితే మైకు తీసేసుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

భయపెట్టి మార్చగలమా అంటే, భయం జనాన్ని కదిలిస్తుంది గానీ ఎటు కదిలిస్తుందో మన చేతిలో ఉండదు. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు అన్న మాట పుట్టగానే లక్షల మంది ఆ ఊరు వదిలి రైళ్లెక్కారు. సూరత్ మరమగ్గాల మీద బతికే మన వరంగల్, కరీంనగర్ వైపు నేతకార్మికులు ఎంతమందో మీకు తెలుసు. దేశమంతా మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ అనే ప్లేగు మందు అయిపోయింది. చివరికి అధికారిక లెక్కలో చనిపోయింది అరవై మంది లోపే. అందులో అవస్థపడ్డవాళ్ల కష్టం చిన్నదని కాదు నా ఉద్దేశం. గుంపులుగా పారిపోవడం వల్ల రోగం నలుదిక్కులా పోయే ప్రమాదం ఉండింది, అదృష్టవశాత్తూ అది జరగలేదు. 2020లో మన ఊళ్లు పొలిమేరల్లో ముళ్లకంప అడ్డం వేసుకున్నదీ ఆ భయంతోనే. కంప వేస్తే బయటివాళ్లు రారు, నిజమే. నొప్పులు పడుతున్న ఆడమనిషి కోసం 108 కూడా రాదు.

పుకార్ల గురించి. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న మాట ఎంత పాకిందంటే, ఆ నెల 28న హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద నిలబడి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మన వైపు కోళ్ల ఫారాలవాళ్లు ఎంత నష్టపోయారో వాళ్లనడిగితేనే తెలుస్తుంది. పుకారు పంపేవాడిని గ్రూప్‌లో అందరి ముందూ తిడితే అతను ఇంకో గ్రూప్‌లో పంపుతాడు. అతను నిజంగానే తన ఇంటివాళ్ల గురించి టెన్షన్ పడి పంపుతున్నాడు. విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. మాట్లాడేటప్పుడు పుకారును మళ్లీ మళ్లీ పలకొద్దు, ఏది నిజమో అది ముందు చెప్పండి. ఉడికించిన మాంసంతో రాదు, దగ్గర కూర్చుని ముచ్చట పెడితే వస్తుంది, అంతే.

కషాయాల విషయంలో నా అభిప్రాయం కొందరు డాక్టర్లకు నచ్చదు. మిరియాలు, అల్లం, పసుపు వేసి కాచుకున్న నీళ్లు తాగుతానంటే తాగనివ్వండి. గొంతుకు హాయిగా ఉంటుంది. అది మానమని వాదన పెట్టుకుంటే మన అసలు మాట వినరు. “తాగు పెద్దమ్మా, తాగుకుంటనే పరీక్ష కూడ చేయించుకో” అంటే చాలు. అడ్డుకోవాల్సినవి వేరే ఉన్నాయి. కర్పూరం మింగడం విషం. దుప్పటి కప్పుకుని మరిగే గిన్నె మీద ఆవిరి పడితే గిన్నె ఒలికి ఒళ్లు కాలుతుంది, పిల్లలతో అసలు చేయించొద్దు. శానిటైజర్ రాసుకున్న చేతుల్తో వెంటనే పొయ్యి దగ్గరికి పోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, జరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకోవద్దు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద అధ్యయనం ఫలితం వచ్చింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన రోగుల ప్రాణాలు నిలబెట్టింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు చేయలేదు. ఆ తేడా కింది దాకా రాలేదు. 2021లో షుగర్ ఉన్నవాళ్లకు ఇష్టమొచ్చినట్టు స్టెరాయిడ్లు పడటం వల్ల బ్లాక్ ఫంగస్‌తో కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అందుకే మీ ఊరి ఆర్‌ఎంపీని వదిలేసి ఏ కార్యక్రమమూ పెట్టొద్దు. చదువు సంగతి ఎట్లా ఉన్నా, రాత్రి పదకొండు గంటలకు తలుపు కొడితే లేచేది ఆయనే. జరం వచ్చినవాడు ముందు పోయేది ఆయన దగ్గరికే. ఆయనను దొంగలా చూస్తే కేసులు దాస్తాడు. పీహెచ్‌సీ డాక్టర్‌తో కూర్చోబెట్టి, ఏది వాడాలి, ఏది వాడొద్దు, ఎప్పుడు పంపాలి అని నేరుగా మాట్లాడించండి. రోజూ ఎంతమంది జరంతో వచ్చారో ఏఎన్‌ఎంకు ఒక్క ఫోన్ చేసి చెప్పమనండి. ఊళ్లో రోగం అడుగుపెట్టిన సంగతి అందరికంటే ముందు తెలిసేది ఆ ఫోన్ వల్లనే.

ఇక పరామర్శ. ఈ మాట మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర రోగం ఎక్కువగా పాకింది ప్రేమ వల్ల. సుస్తీ చేసిన మనిషిని చూడకపోతే తప్పు పట్టుకుంటారు. వియ్యంకుల ఇంట్లో ఎవరైనా పోతే పోకుండా ఎట్లా? శవం దగ్గర పడి ఏడ్చేవాళ్లను ఎవరు ఆపుతారు? స్నానం పోయడం, పాడె మోయడం, పిట్టకు పెట్టడం, పదకొండో రోజు భోజనాలు, అన్నీ దగ్గర దగ్గరగా ఉండి చేసేవే. “ఎవరూ పోవద్దు” అని మైకులో అరిస్తే ఎవరూ వినరు, వినాలని అనుకోవడం కూడా సరికాదు. పోవద్దు అనే బదులు ఎట్లా పోవాలో చెప్పండి. చూడటానికి వచ్చినవాళ్లు లోపల గదిలోకి కాకుండా వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుని, కిటికీలోంచి పలకరించి, పది నిమిషాల్లో లేవాలి. వండిన కూర టిఫిన్‌లో పెట్టి గేటుకు తగిలించి ఫోన్ చేయాలి. దినాలకు ఇంటికి ఒక్కరు పోవాలి, భోజనం బయట పందిట్లో పెట్టాలి. పెద్దమనుషులు ముందుగా కూర్చుని “ఈ నెలరోజులు ఎవరు రాకపోయినా ఎవరూ తప్పు పట్టుకోవద్దు” అని చెప్పి ఒప్పిస్తే సగం బరువు దిగిపోతుంది. రాలేకపోయినవాడి మీద నింద లేకుండా చేయడం పోలీసులతో అయ్యే పని కాదు, కులపెద్దలు, మహిళా సంఘాల లీడర్లు, గుడి పూజారి, మసీదు పెద్దలు, చర్చి పాస్టర్ కలిసి చెప్తేనే అవుతుంది.

అంత్యక్రియలను కొన్నిచోట్ల అడ్డుకున్నారు, శ్మశానం దాకా రానివ్వలేదు. చితి బూడిద వల్ల ప్రమాదం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే స్పష్టంగా రాసింది. సిబ్బంది కవర్‌ను ముఖం దగ్గర తెరిచి కడసారి చూపించడానికి, మంత్రాలు చదవడానికి, నీళ్లు చల్లడానికి కూడా అందులో వీలు ఇచ్చారు. కడిగి, ముద్దుపెట్టుకుని, మీద పడి ఏడవడం మాత్రం వద్దన్నారు. ఈ నాలుగు మాటలూ సర్పంచ్ నోటి నుంచి ముందే వస్తే ఎన్ని కుటుంబాల గుండెకోత తగ్గేదో.

వేరుగా ఉండండి అని చెప్పడం సులువు. ఒకటే గది, ఒకటే బాత్రూం, ఆరుగురు మనుషులు ఉన్న ఇంట్లో ఎక్కడ ఉండాలి? 2021లో నల్గొండ జిల్లాలో ఒక తండా కుర్రాడు ఇంట్లో చోటు లేక చెట్టు మీద మంచం కట్టుకుని అక్కడే ఉన్నాడు. పేపర్లలో అది వింతగా రాశారు. నాకు మాత్రం ఆ పిల్లాడికి ఊళ్లో ఒక్క గది చూపించలేకపోయామే అనిపించింది. మన వైపు కొందరు బాయికాడ కొట్టంలో ఉన్నారు. గాలి బాగా ఆడుతుంది, మంచిదే. కానీ ఒంటరిగా ఉన్న మనిషికి రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే చూసేవాళ్లుండరు. బడి ఖాళీగా ఉంటే రెండు గదులు, మరుగుదొడ్డి, నీళ్లు, మంచాలు, ఫోన్ చార్జింగ్‌కు ఒక బోర్డు, పూటపూటకూ భోజనం పంపే మనిషి, ఇంత ఉంటే చాలు. ఊళ్లో ఐసోలేషన్ గది అంటే శిక్ష అన్న భావం రాకుండా, మొదటి రోజే సర్పంచో వార్డు మెంబరో పోయి బయట నుంచే పలకరించి రావాలి.

ఆక్సిమీటర్, అంటే వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ శాతం చూసే చిన్న మెషిన్, చూసే పద్ధతి కొంచెం వివరంగా చెప్తాను, చాలామంది తప్పుగా చూశారు. ఎండలో నడిచొచ్చిన వెంటనే, లేదా చేతులు చల్లగా ఉన్నప్పుడు చూడొద్దు. ఐదు నిమిషాలు కూర్చోవాలి, చేతులు రుద్దుకుని వేడి చేసుకోవాలి. గోళ్ల రంగు, గోరింటాకు లేని వేలు ఎంచుకోవాలి. చూపుడు వేలో మధ్య వేలో పూర్తిగా లోపలికి పెట్టి చేయి కదపకుండా ఉంచాలి. పెట్టగానే 88, 97, 91 అని అంకెలు ఎగురుతుంటాయి. అవి చూసి కంగారు పడొద్దు, నిమిషం ఆగి ఒకచోట నిలబడ్డ అంకె రాసుకోవాలి. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, అది నాడి. రెండూ కలగలిపి చెప్పి దవాఖానలో గాభరా పెట్టినవాళ్లు ఉన్నారు. 94, అంతకంటే ఎక్కువ ఉంటే ఆరు నిమిషాలు గదిలోనే నడిచి మళ్లీ చూడాలి. బలహీనంగా ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు నడవొద్దు. నడిచాక మూడు పాయింట్లకు మించి పడిపోయినా, కూర్చున్నప్పుడే 94 కంటే తగ్గినా దవాఖానకు కదలాలి. నల్లటి చర్మం ఉన్నవాళ్లకు ఈ మెషిన్ అసలు కంటే కాస్త ఎక్కువ చూపించొచ్చు కాబట్టి, 95 ఉందిలే అని మనిషి ఆయాసాన్ని పట్టించుకోకుండా ఉండొద్దు. కొందరు 85 ఉన్నా నవ్వుతూ మాట్లాడతారు, అందుకే కరోనాలో “బాగానే ఉన్నా” అన్న మాటను మాత్రమే నమ్ముకోలేం. ములుగు నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖానకు గంట పైనే పడుతుంది. ఏటూరునాగారం వైపు నుంచి వంద కిలోమీటర్ల దారి. మనకు ఆ ప్రయాణపు టైం కూడా లెక్కలో వేసుకుని ముందే బయల్దేరాలి.

మాస్క్ గురించి మీకు చాలా తెలుసు, రెండు మాటలే. దస్తీ కట్టుకుంటే ఏమీ లేనిదానికంటే నయం, మూడు పొరల మాస్క్ అంతకంటే మంచిది, ముక్కు దగ్గర తీగ నొక్కుకుంటేనే ఏదైనా పనిచేసేది. చాలామంది రోడ్డు మీద ఒంటరిగా నడిచేటప్పుడు పెట్టుకుని, మనుషుల దగ్గరికి పోయి మాట్లాడేటప్పుడు గడ్డం కిందికి లాగుతారు. కావాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. ముందు పోలీసులు కనబడితేనే పెట్టుకునే అలవాటు ఫైన్ల వల్ల వచ్చింది. 2021 ఏప్రిల్‌లో వెయ్యి రూపాయల ఫైన్ పెట్టారు. కూలీకి అది రెండు మూడు రోజుల కూలి. ఆ ఫైన్ కట్టిన మనిషి మాస్క్ మీద ప్రేమ పెంచుకోడు. మహిళా సంఘంతో కుట్టించి ఇంటికి నాలుగు పంచినచోట ఎక్కువగా పెట్టుకోవడం నేను చూశాను.

గాలి మాట మాత్రం తక్కువ మంది చెప్పారు. మొదట్లో మనమంతా గోడలకు, రోడ్లకు, ట్రాక్టర్లతో హైపోక్లోరైట్ కొట్టాం. మనుషుల మీద కూడా కొట్టారు. అది హాని అని, చేయొద్దని కేంద్రం 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. మెల్లగా తేలింది ఏమిటంటే, ఈ వైరస్ ఎక్కువగా పాకేది మూసిన గదిలోని గాలిలో. అందుకని తలుపులన్నీ వేసి ఏసీ పెట్టిన ఫంక్షన్ హాల్లో పెళ్లి కంటే మామిడితోటలో పందిరి వేసి చేసిన పెళ్లి ఎంతో నయం. బతుకమ్మ ఆరుబయట ఆడతాం కాబట్టి భయం తక్కువ, ఆ తర్వాత అందరూ ఒకే గదిలో కూర్చుని పలారం పంచుకునేటప్పుడే జాగ్రత్త కావాలి. కూలీలు ఎక్కే ఆటోల పక్క పరదాలు ఎత్తి కట్టమనండి. పైసా ఖర్చు లేదు.

జాతరల సంగతి కూడా అడుగుతారని తెలుసు. కేరళలో దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30న బయటపడింది, మేడారం జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా జరిగింది. రాష్ట్రంలో మొదటి కేసు మార్చి 2న తేలింది. అమ్మవార్ల దయ అని మా దగ్గర చాలామంది అన్నారు, నేనూ ఆ తల్లులకు మొక్కుకునేదాన్నే. అయినా ప్రతిసారీ తేదీలు అట్లా కలిసిరావు. తర్వాతి జాతర 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా, ఒమిక్రాన్ తగ్గుతున్న సమయంలో జరిగింది. ఆసారి చాలామంది జాతర రోజులకు ముందే పోయి మొక్కులు చెల్లించుకొచ్చారు. దగ్గు, జరం ఉన్నవాళ్లు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లు ముందో తర్వాతో పోయి బంగారం (అమ్మవార్లకిచ్చే బెల్లం) సమర్పించుకోవచ్చని వడ్డెలు, పూజారులు చెప్తే అది మా సూపర్‌వైజర్ల మాట కంటే వంద రెట్లు పనిచేస్తుంది.

వీలు కల్పిస్తే జనం ఎట్లా నడుచుకుంటారో చెప్పడానికి వడ్ల కొనుగోలు మంచి ఉదాహరణ. 2020 యాసంగిలో కోతల టైంకు లాక్‌డౌన్ ఉంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మామూలు రోజుల్లోనే ఎంత రద్దీయో మీకు తెలుసు. ఊళ్లలోనే కేంద్రాలు పెట్టి, రైతులకు టోకెన్లు ఇచ్చి, ఏ రోజు ఎవరు తేవాలో చెప్పారు. ఎగబడటం చాలావరకు తగ్గింది. దూరం పాటించండి అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, టోకెన్ ఉంది కాబట్టి దూరం దానంతటదే వచ్చింది. రేషన్ కార్డున్న ఇళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చినందువల్లే ఆ నెల కొందరైనా ఇంట్లో ఉండగలిగారు. ఇంట్లో ఉండమని చెప్పే ముందు ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఆలోచించాలి.

టీకా దగ్గర ఒక్క విషయం. 2021 జనవరిలో టీకా మొదలైనప్పుడు భయపడ్డవాళ్లే ఏప్రిల్, మే నెలల్లో లైన్లలో నిలబడి దొరక్క తిరిగిపోయారు. టీకా వేశాక ఒకటి రెండు రోజులు జరం, ఒళ్లు నొప్పులు రావచ్చు అని ముందు చెప్పినచోట పుకార్లు తక్కువ. చెప్పకుండా వేసినచోట “టీకా ఏసుకుని పండుకున్నడు” అన్న మాట ఊరంతా తిరిగింది. కూలి మనిషికి మర్నాడు పని పోతుంది కాబట్టి, పని లేని రోజు చూసి వేయించాలి. తండాల్లో లంబాడీలో, గూడేల్లో కోయ భాషలో చెప్పే మనిషి లేకుండా పోవద్దు. వాళ్ల పిల్లల్లోనే డిగ్రీ చదివినవాళ్లు ఉన్నారు, వాళ్లతో చెప్పించండి.

ఇంకో ముఖ్యమైన మాట. వచ్చే రోగం కరోనా లాగే ఉంటుందని అనుకోవద్దు. కలరా లాంటిదైతే నీళ్ల జాగ్రత్త, ఓఆర్‌ఎస్ కావాలి, మాస్క్‌తో పని లేదు. దోమలతో వచ్చేదైతే శుక్రవారం డ్రై డే పాటించి డ్రమ్ములు, తొట్లు, కూలర్లు ఖాళీ చేయాలి. కాబట్టి కొత్త రోగం పేరు వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఎట్లా అంటుకుంటుంది? దానికి జవాబు మారుతుండొచ్చు కూడా. కరోనా మొదట్లో మాస్క్ అందరికీ అక్కర్లేదన్నారు, 2020 ఏప్రిల్‌లో మన కేంద్రం ఇంట్లో కుట్టుకుని పెట్టుకోమంది, జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రద్దీ చోట్ల పెట్టుకోమని చెప్పింది. జనం “రోజుకో మాట” అన్నారు. మొదటి రోజే “ఇవాళ్టికి తెలిసింది ఇది, కొత్తది తెలిస్తే మళ్లీ వచ్చి చెప్తాం” అని ఉంటే ఆ మాట పడేవాళ్లం కాదు. మీరు మైకులో చెప్పే ప్రతిసారీ ఆ వాక్యం చేర్చండి. ఏ డౌట్ ఉన్నా 104కు ఫోన్ చేయమని చెప్పండి.

మీరు ఇప్పుడే మొదలుపెట్టగలిగిన పని ఉంది. మహమ్మారి వచ్చాక సంఘం మీటింగ్ పెడితే ఆలస్యం. ఈ వానాకాలం డెంగీ, వైరల్ జరాలు ఎట్లాగూ వస్తాయి, దాన్నే రిహార్సల్ అనుకోండి. వాడకట్టుకు ఇద్దరిని పెట్టండి, అందులో ఒకరు ఆడవాళ్లు ఉండాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, షుగర్, బీపీ, టీబీ, డయాలసిస్ వాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఎవరెవరో ఆశా వర్కర్ దగ్గర ఉన్న జాబితాతో సరిచూసుకోండి, ఆ జాబితా ఆమె దగ్గరే ఉండనివ్వండి. అప్పుడు కొన్న ఆక్సిమీటర్లు పంచాయతీ బీరువాలో పడి ఉంటాయి, సెల్స్ కారి పాడయ్యాయేమో చూడండి. రాత్రిపూట బండి కట్టగలిగే డ్రైవర్ల నంబర్లు మూడు రాసుకోండి. ఒకటే గది ఉన్న ఇళ్లు ఎన్నో లెక్క తీయండి. ఆ లెక్క, మీ బడిలో వాడుకోదగ్గ గదులు ఎన్ని, మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది రాసి పంపితే, మంచాలు ఎన్ని వేయొచ్చో, భోజనం ఎట్లా పంపాలో కూర్చుని మాట్లాడుకుందాం.